మీకు తెలుసా? క్లాసులో బాబీ ఒక్కడే మిగిలాడు

బడిలో లైంగిక విద్య ఉండాలా వద్దా అనే గొడవ అమెరికాలో వందేళ్లకు పైగా నడుస్తోంది. దాని మీద పుస్తకాలు వచ్చాయి, చట్టాలు వచ్చాయి, కమిటీలు కూర్చున్నాయి. ఆ గొడవ లోగుట్టును ఒక్క రాత్రిలో, అరగంట కూడా పట్టని కథలో విప్పి చూపింది మాత్రం ఒక కార్టూన్ కామెడీ. 1997 జనవరి 19 ఆదివారం ఫాక్స్ టీవీలో వచ్చిన 'కింగ్ ఆఫ్ ది హిల్' రెండో ఎపిసోడ్ అది. పేరు 'స్క్వేర్ పెగ్'.

కథ టెక్సాస్‌లోని ఆర్లెన్ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. హ్యాంక్ హిల్ ప్రొపేన్ గ్యాస్ అమ్మే ఉద్యోగి. నీతిగల మనిషి, మంచి తండ్రి. భార్య పెగీ సబ్‌స్టిట్యూట్ టీచరు, అంటే టీచర్లు రాని రోజున వాళ్ల బదులు పాఠం చెప్పడానికి వెళ్లే మనిషి. కొడుకు బాబీ మిడిల్ స్కూల్లో చదువుతున్నాడు. ఒకరోజు ఆ బళ్లో లైంగిక విద్య చెప్పడానికి ఎవరూ లేక ఆ క్లాసు పెగీ నెత్తిన పడుతుంది.

పెగీకి భయం. ఒంట్లో భాగాల పేర్లు పైకి అనడమే చేతకాదు ఆవిడకు. ఆవిడ పెరిగిన ఇంట్లో వాటి పేరెత్తిన వాళ్లు లేరు. అందుకని ఒంటరిగా కూర్చుని, పాఠ్యపుస్తకంలోని మాటల్ని కూడబలుక్కుంటూ పలకడం నేర్చుకుంటుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే ఒక సంగతి బోధపడుతుంది: ఈ పాఠం ముందు కావలసింది పిల్లలకు కాదు, పెద్దవాళ్లకు. హ్యాంక్ పరిస్థితి ఇంకా కష్టం. కొడుకు ఆ క్లాసులో కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. సరే, తానైనా చెబుతాడా అంటే అదీ నోరు రాదు.

చివరకు పెగీ ధైర్యం కూడదీసుకుని క్లాసుకు వెళుతుంది. తీరా చూస్తే పిల్లల్ని వాళ్ల వాళ్ల తల్లిదండ్రులు క్లాసు మాన్పించేశారు. మిగిలింది బాబీ ఒక్కడే. ఊరంతటికీ చెప్పడానికి సిద్ధమైన తల్లి సొంత కొడుక్కి చెప్పుకోవాల్సి వచ్చింది. వాదోపవాదాలన్నీ అయ్యాక ఆ పాఠం మళ్లీ ఇంటికే చేరిందన్నమాట. ఈ విషయం మీద నేను చూసిన ముగింపుల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకొకటి లేదు.

ఆర్లెన్ ఎక్కడుంది?

మ్యాప్‌లో ఉండదు. ఈ సీరియల్‌ను గ్రెగ్ డానియల్స్‌తో కలిసి సృష్టించిన మైక్ జడ్జ్ ఒకప్పుడు డాలస్ ప్రాంతంలో ఉండేవారు. అక్కడి శివారు పట్టణాలు గార్లండ్, రిచర్డ్‌సన్ చూసే ఆర్లెన్‌ను ఊహించుకున్నారు. బాబీ చదివే బడికి టామ్ లాండ్రీ పేరు పెట్టారు. ఆయన డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టుకు చాలా ఏళ్లు కోచ్‌గా ఉన్నవారు.

డాలస్ చుట్టుపక్కల ఈ రోజున ఎన్ని వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. రిచర్డ్‌సన్, ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో బళ్లలో మన పిల్లలు చదువుతున్నారు. పెగీ క్లాసు లాంటి క్లాసు గురించి కాగితం ఇప్పుడు తెలుగు ఇళ్లకూ వస్తోంది. 2025 ఆగస్టులో ఈ సీరియల్ మళ్లీ మొదలైంది. కొత్త కథలో బాబీకి ఇరవై ఒక్కేళ్లు. డాలస్‌లోనే రెస్టారెంట్ నడుపుతున్నాడు.

చట్టం ఏం చెబుతోంది?

హాస్యం కోసం రచయితలు ఊహించిన భయం కాదది. టెక్సాస్ విద్యా చట్టంలో 1995లో చేరిన నిబంధన చదివితే పెగీ చెమటలు ఎందుకో తెలుస్తుంది. పెళ్లికాని విద్యార్థులకు, శారీరక సంబంధానికి దూరంగా ఉండడమే అన్నిటికన్నా మంచిదని చెప్పాలి. మిగతా ఏ విషయం కన్నా దాని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. కండోమ్ గురించి చెబితే ప్రయోగశాలలో తేలిన అంకెలు పనికిరావు, మనుషులు నిజంగా వాడినప్పుడు ఎంతవరకు పనిచేసిందో ఆ అంకెలే చెప్పాలి. బళ్లో కండోమ్‌లు పంచకూడదు. ఆడపిల్లల్ని, మగపిల్లల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టుకోవచ్చు.

ఇక సంతకం సంగతి. చాలాకాలం టెక్సాస్‌లో, ఈ క్లాసు వద్దనుకున్న తల్లిదండ్రులు ఆ మాట రాసి పంపేవారు. 2021లో వచ్చిన చట్టం దాన్ని తిరగేసింది. కావాలనుకున్నవాళ్లు సంతకం పెట్టి పంపాలి. సంతకం లేకపోతే పిల్లవాడు క్లాసులో ఉండడు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ బ్యాగు అడుగున నలిగిపోయిన కాగితం, రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోయిన తండ్రి, ఇంగ్లీషు ఫారం అర్థంకాని అమ్మమ్మ, ఇవన్నీ ఇప్పుడు 'వద్దు' కింద లెక్క. ఎవరూ వద్దనకుండానే పిల్లవాడు బయటికి వెళ్లిపోతాడు.

ఖజానా నుంచి డబ్బు

1996 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణల చట్టంలో ఒక చిన్న సెక్షన్ ఉంది. పెళ్లి దాకా ఆగమని మాత్రమే బోధించే కార్యక్రమాలకు ఏడాదికి 5 కోట్ల డాలర్లు ఇస్తామన్నది దాని సారాంశం. కేంద్రం 4 డాలర్లిస్తే రాష్ట్రం 3 డాలర్లు కలపాలి. ఏం బోధించాలో ఎనిమిది అంశాలుగా చట్టంలోనే రాసిపెట్టారు. దాదాపు అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక దశలో ఆ డబ్బు తీసుకున్నాయి. కాలిఫోర్నియా మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇలా కేంద్రం సొమ్ముతో నడిచే కార్యక్రమాల్లో వాడిన పాఠాల్లో ఏముంది? 2004 డిసెంబరులో కాంగ్రెస్ సభ్యుడు హెన్రీ వాక్స్‌మన్ తయారు చేయించిన నివేదిక వచ్చింది. బాగా వాడుకలో ఉన్న 13 పాఠ్యప్రణాళికలు పరిశీలిస్తే పదకొండింటిలో తప్పులో, పక్కదోవ పట్టించే మాటలో ఉన్నాయి. చెమట ద్వారా, కన్నీళ్ల ద్వారా ఎయిడ్స్ వైరస్ వస్తుందన్న అర్థం వచ్చే రాతలు వాటిల్లో ఉన్నాయి. మర్మాంగాల్ని తాకినా గర్భం రావచ్చన్న మాటా ఉంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. చెప్పకపోవడం ఒక ఎత్తు, ప్రభుత్వ సొమ్ముతో తప్పు చెప్పడం ఇంకో ఎత్తు.

2007 ఏప్రిల్‌లో కాంగ్రెస్ కోరిన మీదట చేసిన అధ్యయనం బయటికొచ్చింది. నాలుగు కార్యక్రమాలు, రెండు వేలకు పైగా పిల్లలు, ఏళ్ల తరబడి పరిశీలన. ఆ పాఠాలు విన్న పిల్లలకీ, విననివాళ్లకీ తేడా కనిపించలేదు. శారీరక సంబంధం మొదలైన సగటు వయసు రెండు గుంపుల్లోనూ ఒకటే: 14.9 ఏళ్లు.

కార్టూన్ ముందే కూసింది

ఆ అధ్యయనం రావడానికి అయిదు నెలల ముందు, 2006 నవంబరు 19న, 'ఫ్యామిలీ గై' సీరియల్ ఇదే విషయాన్ని ఎత్తుకుంది. ఎపిసోడ్ పేరు 'ప్రిక్ అప్ యువర్ ఇయర్స్'. రోడ్ ఐలండ్‌లోని క్వాహాగ్ అనే కల్పిత ఊళ్లో లోయిస్ అనే తల్లి బళ్లో లైంగిక విద్య చెప్పడానికి ముందుకొస్తుంది. కండోమ్ గురించి చెప్పిందని తల్లిదండ్రులు మండిపడతారు. ఆవిడను తీసేసి, పెళ్లిదాకా ఆగమని ప్రచారం చేసే మతబృందాన్ని పిలుస్తారు. వాళ్లు పిల్లల్ని బెదరగొట్టి వెళతారు. పిల్లలు ప్రమాణమూ చేస్తారు, ఆ ప్రమాణంలో సందూ వెతుక్కుంటారు. ఆ సందు చెవి! ఎపిసోడ్ పేరులో చెవులు ఉన్నది అందుకే. మోటు హాస్యమే, ఒప్పుకుంటాను. పిల్లలు లేని ఇళ్లలో చూడాల్సిన సీరియల్ అది.

కానీ దాని వెనక నిజం ఉంది. 1993లో టెనెసీ రాష్ట్రంలో దక్షిణాది బాప్టిస్టులు మొదలుపెట్టిన ప్రమాణ ఉద్యమం దేశమంతా పాకింది. అలా ప్రమాణం చేసిన యువతను పీటర్ బేర్‌మన్, హన్నా బ్రూక్నర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి గమనించారు. ప్రమాణం కొంతమందిని కొంతకాలం ఆపిన మాట నిజమే. అయితే వాళ్లలో సుఖవ్యాధుల శాతం మిగతావాళ్లతో పోలిస్తే తగ్గలేదని 2005లో ప్రచురించిన పత్రంలో తేల్చారు. మొదటిసారి కండోమ్ వాడిన వాళ్లు ప్రమాణం చేసినవాళ్లలోనే తక్కువ. మాట తప్పే క్షణం కోసం ఎవరూ ముందుగా సిద్ధపడరు కదా.

సౌత్ పార్క్ తీర్పు, నా అభ్యంతరం

2001 ఆగస్టు 1న వచ్చిన 'సౌత్ పార్క్' ఎపిసోడ్ 'ప్రాపర్ కండోమ్ యూజ్' దారి వేరు. ఇక్కడ చురక తగిలేది రెండు వైపులవాళ్లకూ. నాలుగో తరగతి పిల్లలు ఎవరో పెద్ద పిల్లల దగ్గర విన్న పనికిమాలిన చేష్టను అర్థం తెలియకుండా ఇంట్లో చేసి చూపిస్తారు. తల్లిదండ్రులు హడలిపోతారు. ఏమిటిది అని అడిగితే చెప్పడానికి ఒక్కరూ సిద్ధంగా లేరు. అందరూ కలిసి బడి మీదికి తోస్తారు: మీరే చెప్పండి, ఇప్పుడే చెప్పండి, కిండర్‌గార్టెన్ నుంచే చెప్పండి.

అబ్బాయిల గదిలో ఒకరు, అమ్మాయిల గదిలో ఇంకొకరు. పాఠం చెప్పే పెద్దలకే ఈ విషయం సరిగ్గా తెలియదు. అమ్మాయిలకు రోగాల గురించే చెప్పి భయపెడతారు. ఇంకా ఆ వయసే రాని పిల్లలు, పక్కన అబ్బాయి నిలబడితే చాలు రోగం వస్తుందనుకుంటారు. వ్యవహారం ఇరువర్గాలూ యుద్ధానికి దిగేదాకా వెళుతుంది. వయసుకు మించిన పాఠం, వివరణ లేని భయం కలిస్తే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చెప్పిన కథ అరుదు.

ముగింపులో బడి వంటమనిషి షెఫ్ తల్లిదండ్రులకు హితవు చెబుతాడు: ఇది బడి పని కాదు, మీ పని, మీరే చెప్పుకోండి అని. ఇక్కడే నాకు అభ్యంతరం. చెప్పగలిగిన తల్లిదండ్రులుంటే ఆ కథ మొదలయ్యేదే కాదు. మొదటి సీన్‌లో నోరు మెదపనివాళ్లకు చివరి సీన్‌లో నోరెలా వస్తుంది? ఇంట్లో చెప్పాలనడం న్యాయమే. చెప్పలేని ఇంట్లో పుట్టిన పిల్లల సంగతేమిటి? ఇంట్లోనే హాని జరుగుతున్న పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్నలకు షెఫ్ దగ్గర జవాబు లేదు. పెగీ కథలో ఉంది: భయపడుతూనే క్లాసుకు వెళ్లిన టీచరే ఆ జవాబు.

డిస్నీ వారి పాఠం

బొమ్మల సినిమాకీ లైంగిక విద్యకీ బంధం ఈ సీరియళ్లకన్నా పాతది. 1946లో వాల్ట్ డిస్నీ సంస్థ 'ది స్టోరీ ఆఫ్ మెన్‌స్ట్రుయేషన్' అనే పది నిమిషాల యానిమేషన్ చిత్రం తీసింది. తీయించింది కోటెక్స్ శానిటరీ నాప్‌కిన్ల కంపెనీ. అమెరికా బళ్లలో కోట్లాది మంది ఆడపిల్లలు దాన్ని చూశారు. 2015లో అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో దానికి చోటిచ్చారు. ఆ చిత్రం ధైర్యంగా చాలా చెప్పింది. స్నానం చేయొచ్చు, ఆడుకోవచ్చు, భయపడొద్దు అంది. అయినా నెలసరి రక్తాన్ని ఎర్రగా చూపలేదు, తెల్లగా చూపించింది. పిల్లలెలా పుడతారన్న దాని జోలికీ పోలేదు.

మన ఊళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే పందిరి వేసి, బంధువుల్ని పిలిచి, పట్టుచీర పెట్టి వేడుక చేస్తాం. వీధివీధికీ తెలుస్తుంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అనేది మాత్రం ఆ పీట మీద కూర్చున్న పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పరు. 1946 నాటి ఆ పది నిమిషాల బొమ్మ ఈరోజుకీ చాలా ఇళ్లలో మనం చెప్పేదానికన్నా ఎక్కువే చెబుతుంది.

డిస్నీ చిత్రం లాంటి బడి సినిమాల తీరును 'ద సింప్సన్స్' 1992 మే 7 నాటి ఎపిసోడ్‌లో ఆటపట్టించింది. క్లాసులో టీచరు వేసే సినిమాలో కుందేళ్లే పాత్రలు. పేరు 'ఫజీ బన్నీస్ గైడ్ టు యూ-నో-వాట్'. చెప్పాల్సిన సంగతి పేరు సినిమా పేరులోనే ఎగిరిపోయింది!

ఈ మాట అన్నందుకు...

1913లో షికాగో బళ్ల అధిపతి ఎల్లా ఫ్లాగ్ యంగ్ హైస్కూళ్లలో డాక్టర్లతో ఈ విషయం మీద ఉపన్యాసాలు ఇప్పించారు. నిరసనలు రేగి ఆ ప్రయత్నం ఆగిపోయింది.

1960ల చివర కాలిఫోర్నియాలోని అనహైమ్, అంటే డిస్నీలాండ్ ఉన్న ఊరు, ఈ గొడవకు దేశానికంతటికీ కేంద్రమైంది. దేశంలోనే పేరున్న లైంగిక విద్యా కార్యక్రమం అక్కడ నడుస్తుండేది. అది కమ్యూనిస్టుల కుట్ర అన్నవాళ్లు కూడా ఉన్నారు. కొద్దికాలంలోనే దాన్ని నిలిపేశారు.

1986లో దేశపు పెద్ద డాక్టరు, అంటే సర్జన్ జనరల్, సి. ఎవరెట్ కూప్ ఎయిడ్స్ మీద నివేదిక ఇస్తూ, వీలైనంత చిన్న తరగతిలోనే లైంగిక విద్య మొదలుపెట్టాలన్నారు. ఆయన్ను నియమించింది అధ్యక్షుడు రీగన్. స్వయంగా భక్తిపరుడైన క్రైస్తవుడు, గర్భస్రావానికి గట్టి వ్యతిరేకి. తన వర్గంవాళ్లే తిట్టిపోసినా వెనక్కి తగ్గలేదు. 1988లో ఎయిడ్స్ గురించి తెలిపే కరపత్రం దాదాపు 10 కోట్ల 70 లక్షల ఇళ్లకు తపాలాలో వెళ్లింది. నమ్మకం, సత్యం రెండూ ఒకే మనిషిలో ఇమడగలవని చూపించిన కూప్ అంటే నాకు ఎంతో గౌరవం.

1994 డిసెంబరులో అదే పదవిలో ఉన్న డాక్టర్ జాయ్‌సెలిన్ ఎల్డర్స్ ఐక్యరాజ్యసమితిలో జరిగిన ఎయిడ్స్ సమావేశంలో ఒక ప్రశ్నకు జవాబుగా, హస్తప్రయోగం మనిషి లైంగికతలో భాగమనీ, దాని గురించి పిల్లలకు చెప్పవచ్చేమో అనీ అన్నారు. రోజుల్లోనే క్లింటన్ ఆవిడను తప్పించారు. వైద్యశాస్త్రం ఒప్పుకునే సంగతి చెప్పినందుకు దేశపు పెద్ద డాక్టరు ఉద్యోగం పోయింది.

ఇక్కడ మన మాట

ఆ చర్చ మనకు కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వ కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. వ్యవహారం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్లింది. దాని ఛైర్మన్ మన ఎం. వెంకయ్యనాయుడు. 2009లో ఇచ్చిన నివేదికలో కమిటీ, బళ్లలో లైంగిక విద్య వద్దంది. పెళ్లికి ముందు సంబంధం తప్పని పిల్లలకు చెప్పాలంది. ఎయిడ్స్ లాంటి అంశాలు ప్లస్ టూ జీవశాస్త్రంలోకి జరపాలంది. 1996 నాటి అమెరికా చట్టాన్ని దీని పక్కన పెట్టి చదివితే రెండింటి ధోరణీ ఒకటేనని అర్థమవుతుంది. మన సంస్కృతి వేరు, వాళ్లది వేరు అంటూనే రెండు దేశాల పెద్దలూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయారు.

అదే తెలుగునేల మీద విజయవాడ డాక్టర్ జి. సమరం వారపత్రికల్లో పాఠకుల సందేహాలకు దశాబ్దాల పాటు జవాబులు రాశారు. ఆ పేజీని దాచుకుని చదివిన తరంవాళ్లు ఇప్పుడు తాతలై ఉన్నారు. బడి చెప్పనిది, ఇల్లు చెప్పనిది ఒక వైద్యుడి కాలమ్ చెప్పింది.

2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాలకు సంబంధించిన కేసులో తీర్పిస్తూ, లైంగిక విద్య మీద ఉన్న అపోహల్ని ప్రస్తావించింది. సమగ్ర లైంగిక విద్య గురించి, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం గురించి పిల్లలకు తెలిసేలా చేసే ఏర్పాట్లు ఆలోచించమని కేంద్రానికి సూచించింది.

డాలస్ తల్లిదండ్రులకు ఒక మాట

టెక్సాస్ చట్టంలోనే ఇంకో నిబంధన ఉంది. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ ఆరోగ్య విద్య మీద సలహా మండలి ఉండాలి. లైంగిక విద్యలో ఏ పుస్తకం, ఏ తరగతి నుంచి అనేది డిస్ట్రిక్ట్ నిర్ణయించే ముందు ఆ మండలి అభిప్రాయం తీసుకోవాలి. మండలి సభ్యుల్లో ఎక్కువమంది అక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులే కావాలి. ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి. పాఠాలు ముందుగా చూపించమని అడిగే హక్కు కూడా తల్లిదండ్రులకు ఉంది.

రిచర్డ్‌సన్‌లో, ఫ్రిస్కోలో ఉన్న తెలుగువాళ్లు సంక్రాంతి వేడుకకు కమిటీలు వేస్తారు, గుడికి కమిటీలు వేస్తారు. ఈ మండలిలో కుర్చీకి కూడా దరఖాస్తు పెట్టండి. పాఠాన్ని ముందు మీరు చదవండి, నచ్చకపోతే ఎందుకో అక్కడే చెప్పండి. చదవకుండా మాత్రం ఫారం పక్కన పడేయకండి.